వెనక్కి పోయే గేరు

జనవరి 19, 2025, ఆదివారం – కడప

నాయన స్కూటరు రిజిస్ట్రేషన్ గడువు ఈ వేసవిలో మళ్ళీ తీరుతుంది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి రెన్యువల్, దాని మీద గ్రీన్ టాక్స్. కట్టడం కష్టం కాదు. ఇంజను పొగ చూసి ఇన్‌స్పెక్టరు ముఖం ఎట్లా పెడతాడో అదే సందేహం. పోయిన నెలలో గేరు కేబులు ఏడురోడ్ల కూడలి మధ్యలో తెగింది. రెండో గేరులోనే ఇల్లు చేరినాను.

మా ఇంటామె మాట ఒకటే: "ఇంగ ఆ గేర్లతో యాతన ఎందుకు? అందరూ గేర్లు లేనివే తీసుకుంటాండారు గదా."

సర్కారు బండి నాకు రాదు. నియోజకవర్గానికి పది చొప్పున వంద శాతం సబ్సిడీతో ఇచ్చే మూడు చక్రాల మోటారు వాహనానికి వయసు 18 నుంచి 45 లోపల ఉండాలి, కాళ్ళ వైకల్యం 70 శాతం ఉండాలి. నాకు నలభై ఎనిమిది. సదరం సర్టిఫికెట్లో కుడికాలికి 60 శాతం. కాబట్టి సొంత డబ్బు, సొంత నిర్ణయం.

దోవలు మూడు కనిపిస్తున్నాయి. ఇప్పటి మాదిరే క్లచ్చూ గేరూ రెండూ ఉన్న బండి. గేర్లుండి క్లచ్ లేని బండి. రెండూ లేని బండి. ఏదైనా సరే వెనక రెండు పక్కలా సైడు చక్రాలు బిగించాల్సిందే. ఉగాదికల్లా తేల్చుకోవాలి.

జనవరి 24, శుక్రవారం – కర్నూలు

చిన్నాయన మనమరాలి పెండ్లికి వచ్చి, భోజనాలైనాక కొండారెడ్డి బురుజు దగ్గరి పాత మెకానిక్ షాపుకు పోయినాను. ముప్పై ఏండ్ల కిందట నాయన స్కూటరుకు మొదటిసారి సైడు చక్రాలు బిగించింది ఈ భాయే. జుమ్మా నమాజు నుంచి అప్పుడే వచ్చినాడు. ఇప్పుడు కొడుకు పని చేస్తాడు, తండ్రి కుర్చీలో కూర్చొని చెప్తాడు.

బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. బుక్ చేసి ఏండ్లకొద్దీ ఎదురు చూసేవాళ్ళు. అది కుటుంబాల బండి అని అందరికీ తెలుసు. పోలియో కాళ్ళవాళ్ళకు అది ఎందుకు కలిసొచ్చిందో భాయ్ చెప్పినాడు. మోటార్ సైకిల్లో గేరు కాలి కింద ఉంటుంది. స్కూటర్లో ఎడమచేతి గ్రిప్పులో ఉంటుంది. క్లచ్ పట్టి మణికట్టు తిప్పితే గేరు పడుతుంది, నాలుగు గేర్లూ అంతే. కాలికి మిగిలేది ఒక్క వెనక బ్రేకు. దాన్ని కూడా రాడ్డు వేసి పైకి తెస్తే కాలితో పనే లేదు. ఆటోలో కూడా ఇదే ఏర్పాటు, అందుకే మన పక్క సైడు చక్రాల బండ్లు చేసినవాళ్ళలో సగం మంది ఆటో మెకానిక్కులే అంటాడు.

"కిక్కు కొట్టేదానికి మాత్రం ఈదిలో పిల్లోడు కావాల్సొచ్చేది" అని నవ్వినాడు. అందరూ స్కూటరును ఒక పక్కకు వంచి కిక్కు కొట్టేవాళ్ళు. సైడు చక్రాల బండిని వంచేదెట్లా? పొద్దున చల్లారిన ఇంజను ఎన్ని దెబ్బలకు మేలుకుంటుందో ఆ పిల్లోడి ఓపిక మీద ఉండేది.

గేర్లు లేనిది కొంటానంటే భాయ్ ఒప్పుకోలేదు. "గేరు నీ చేతిలో ఉంటే బండి నీ మాట ఇంటాది సామీ. అది లేకుంటే బండి ఏమనుకుంటే అదే."

ఫిబ్రవరి 3, సోమవారం – కడప

నేను దస్తావేజులు రాసే రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వర్ డౌన్. మధ్యాహ్నం దాకా ఒక్క దస్తావేజూ కదల్లేదు. ఖాళీ పేపరు మీద అవయవాల షెడ్యూలు రాసుకున్నాను, స్థలానికి నాలుగు హద్దులు రాసినట్టు.

పాత స్కూటరు. కుడిచేయి: యాక్సిలరేటరు, ముందు బ్రేకు. ఎడమచేయి: క్లచ్, గేరు. పైన రాడ్డు పెట్టి తెచ్చిన వెనక బ్రేకు కూడా ఎడమచేతికే. ఎడమకాలు, నా మంచి కాలు: ఖాళీ. కుడికాలు: ఖాళీ.

గేర్లు లేని స్కూటరు. కుడిచేయి: యాక్సిలరేటరు, ముందు బ్రేకు. ఎడమచేయి: వెనక బ్రేకు. కాళ్ళు రెండూ ఖాళీ.

క్లచ్ లేని గేర్ల మోటార్ సైకిల్. కుడిచేయి: యాక్సిలరేటరు, ముందు బ్రేకు. ఎడమకాలు: గేరు. కుడికాలు: వెనక బ్రేకు, అది నాకు పనికిరాదు. అయితే క్లచ్ లివరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది! వెనక బ్రేకు కేబులు అక్కడికి తెస్తే ఎడమచేతికి ఒకే పని. మూడు అవయవాలకు మూడు పనులు, చచ్చుబడిన కాలికి సెలవు.

కాగితం మీద నాకు సరిగ్గా సరిపోయేది ఇదే. పాత స్కూటర్లో ఎడమచేయి మోసే బరువు ఎంతో రాసి చూస్తే గానీ తెలియలేదు. ఎత్తులో ఆగినప్పుడు బ్రేకు పట్టి, క్లచ్ పట్టి, గేరు వేసి, ఒకదాన్ని వదులుతూ ఇంకోటి పట్టుకుంటూ, అన్నీ అయిదు వేళ్ళతోనే. సాయంత్రమైతే మణికట్టు లాగేది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

ఫిబ్రవరి 9, ఆదివారం – ప్రొద్దుటూరు

క్లచ్ లేని గేర్ల బండి ఒకటి ఇక్కడ అమ్మకానికి ఉందంటే వచ్చినాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1958లో హోండా సూపర్ కబ్ తెచ్చినప్పుడు, సోబా నూడుల్స్ ఇండ్లకు చేరవేసే కుర్రాడు ఒక చేత్తో పళ్ళెం పట్టుకొని ఇంకో చేత్తో బండి నడపాలి, అందుకని ఎడమచేతికి క్లచ్ పని లేకుండా చేసినారని చెప్తారు. మన దేశంలో హీరో హోండా స్ట్రీట్ 1997లో అదే వరసలో వచ్చింది. 2009లో టీవీఎస్ జైవ్ 110 సీసీ మోటార్ సైకిల్ రూపంలో వచ్చింది. రెండూ నిలబడలేదు. గేర్లు కావాలనుకున్న మగవాళ్ళు క్లచ్ కూడా కావాలన్నారు. వద్దనుకున్నవాళ్ళు రెండూ లేని స్కూటర్లకు పోయినారు. మధ్యదానికి గిరాకీ లేకపోయింది.

లోపల జరిగేది తేలికగా చెప్పొచ్చు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు క్లచ్ తనంతట తానే వదిలేసి ఉంటుంది, వేగం పెరిగితే పట్టుకుంటుంది. అందువల్ల బ్రేకు వేసి నిలబెట్టినా ఇంజను ఆగిపోదు. గేరు పెడల్ తొక్కితే ఆ తొక్కుడే క్లచ్‌ను విడదీసి గేరు మార్చి మళ్ళీ పట్టిస్తుంది. ఏ గేరులో ఉండాలనేది మనిషే చెప్పాలి. ఎట్లా మార్చాలనేది బండి చూసుకుంటుంది.

సైడు చక్రాలు ముందే బిగించి ఉన్నాయి, పాత యజమాని కూడా నా మాదిరోడే. మైదుకూరు రోడ్డులో కొంచెం దూరం నడిపినాను. హాయిగా ఉంది. ఎడమపాదం మడమతో ఒకటి, వేళ్ళతో ఒకటి. మూడో గేరు నుంచి రెండుకు దించితే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంది, బ్రేకు అవసరం రాలేదు.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వచ్చింది చిక్కు. మోటార్ సైకిల్‌కు మధ్యలో ట్యాంకు. క్యాలిపర్ వేసిన కుడికాలిని రెండు చేతులతో ఎత్తి అవతలికి వేయాలి, పక్కన సైడు చక్రం అడ్డం. స్కూటరైతే ముందు ఖాళీ జాగా, కూర్చొని కాలిని లోపలికి లాక్కుంటే చాలు, చంకకర్ర కూడా అక్కడే పడుతుంది. స్పేర్ల సంగతి అడిగితే అమ్మేటాయన "దొరుకుతాయి, కొంచెం ఎతుక్కోవాల" అన్నాడు. తయారీ ఆగిపోయిన బండికి ఆ "కొంచెం" ఏటేటా పెరుగుతుంది.

రెండు రోజులు గడువు అడిగి వచ్చేసినాను.

ఫిబ్రవరి 12, బుధవారం

డల్లాస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్. సంగతి చెప్తే ఒక వీడియో పంపినాడు. క్యాన్-యామ్ స్పైడర్, కెనడా కంపెనీ వాళ్ళు 2007లో తెచ్చిన మూడు చక్రాల మోటార్ సైకిల్. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. అందులో కూడా ఇదే జగడమంట: మామూలు క్లచ్‌తో ఒక రకం, క్లచ్ లేకుండా ఒక రకం. రెండోదాంట్లో ఎడమ బొటనవేలితో నొక్కితే గేరు పైకి, చూపుడువేలితో లాగితే కిందికి. మరిచిపోయి వేగం తగ్గిస్తే గేర్లు అవే దిగుతాయి. దానికి తమ్ముడిగా వచ్చిన రైకర్‌లో గేర్ల పనే లేదు, మన స్కూటర్ల మాదిరి బెల్టు.

"మామా, నీకు క్లచ్ లేనిదే బెస్ట్. ఇక్కడ పెద్దోళ్ళందరూ అదే తీసుకుంటారు" అన్నాడు.

స్పైడర్‌లో మూడు చక్రాలకూ కలిపి బ్రేకు ఒక్కటే, అదీ కుడికాలి కింద. అన్ని హంగులున్న బండి నా ఒక్క కాలి దగ్గర ఆగిపోయింది. ఆ మాట చెప్తే వాడు నవ్వాలో వద్దో తెలియక ఊరుకున్నాడు. నేనే నవ్వినాను.

వీడియోలో ఇంకొకటి చూసినాను. షెడ్డులోంచి బండిని బయటికి తెస్తూ దాని మీద కూర్చొనే వెనక్కి పోనిచ్చినాడు ఆ మనిషి. దానికి రివర్స్ గేరుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం – రాయచోటి

బావమరిది కొడుక్కు పుట్టువెంట్రుకలు. బస్సులో పోదామనుకున్నాను గానీ, ఎర్రముక్కపల్లె స్నేహితుడు తన గేర్లు లేని బండి ఇచ్చినాడు. దానికీ సైడు చక్రాలున్నాయి. "ఘాటు ఎక్కించి చూడు, నీకే తెలుస్తాది" అన్నాడు.

కడప నుంచి గువ్వలచెరువు ఘాటు దాకా సుఖం. హైవే నున్నగా ఉంది, యాక్సిలరేటరు తిప్పితే పోతుంది. ఎత్తు మొదలైనాక తేడా వచ్చింది. ఈ బండ్లలో ఇంజను బలం రబ్బరు బెల్టు మీదుగా వెనక చక్రానికి పోతుంది. బెల్టు పట్టుకునే పుల్లీలు వెడల్పై, సన్నమై గేర్ల పని చేస్తాయి. రెండు చక్రాల బండికి లెక్క కట్టిన ఏర్పాటు అది. సైడు చక్రాల ఇనుము, నా బరువు, వెనక మా ఇంటామె, ముందర సారె సంచి. ఇంజను అరుస్తోంది గానీ బండి పోయేది ఎద్దుల నడకే. లారీ వెనక నెమ్మదించి మళ్ళీ లేపినప్పుడల్లా క్లచ్ షూలు కాలిన వాసన. పైన ఆపి, పాలకోవా కొనుక్కొని, బండి చల్లారేదాకా కూర్చున్నాము.

దిగేటప్పుడు ఇంకో పాఠం. వేగం బాగా తగ్గించినామా, ఇంజను చక్రాన్ని పూర్తిగా వదిలేస్తుంది. అప్పుడు బండిని పట్టేది బ్రేకులొక్కటే. డ్రమ్ము బ్రేకుల్ని ఎడతెగకుండా పట్టుకుంటే వేడెక్కి పట్టు సడలుతుంది. అందుకని పట్టి వదులుతూ, పట్టి వదులుతూ దిగినాను. కర్నూలు భాయ్ చెప్పిన మాట ప్రతి మలుపులోనూ గుర్తొచ్చింది.

మలుపుల సంగతి మాత్రం మూడు రకాల బండ్లకూ ఒకటే. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది, సైడు చక్రాల బండి వాలదు. బండి నిటారుగానే ఉంటుంది, మనిషిని బయటికి నెడుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, ఒళ్ళు లోపలికి వంచి, హ్యాండిల్‌ను చేతుల బలంతో తిప్పాలి. ఆ చేతుల్లో ఒకటి క్లచ్చూ గేరూ కూడా మోస్తుంటే ఎట్లుంటుందో నాకు తెలుసు. ఘాటులో గేర్లు కావాలి, మలుపులో ఎడమచేయి ఖాళీగా ఉండాలి. రెండూ ఇచ్చేది ప్రొద్దుటూరు బండే. ఈ రాత్రికి నా మొగ్గు దానివైపే. గడువు దాటినా ఇంకా అమ్ముడుపోలేదన్నాడు.

మార్చి 4, మంగళవారం – కడప

ఈ రోజు సాయంత్రం ఆఫీసు ముందర బండి తీయబోతే, ముందర గోడ, వెనక అడ్డంగా ఇంకొకరి మోటార్ సైకిల్. కాలు నేలకు ఆనించి వెనక్కి నెట్టుకునే శక్తి నాకు లేదు, దిగి నెట్టే శక్తి అసలే లేదు. అలవాటైన మాట బయటికొచ్చింది: "అన్నా, కొంచెం వెనక్కి లాగుతావా?"

లాగినాడు. ఎవరూ కాదనరు. కాఫీ హోటలు ముందర, గుడి ముందర, బ్యాంకు ముందర, అప్సర సర్కిల్ మందుల షాపు ముందర, ఎక్కడైనా ఎవరో ఒకరు లాగుతారు. వాన పడుతుంటే, మిట్ట మధ్యాహ్నం ఎండలో వీధి ఖాళీగా ఉంటే, వాళ్ళ కోసం బండి మీదే కూర్చొని చూడాలి.

స్టాండులో ఆటో ఒకటి, నన్ను చూస్తూనే, ఇరుకులోంచి రివర్సులో బయటికొచ్చి పోయింది. మూడు చక్రాల బండిని వంచి తిప్పుకోలేరు, కాబట్టి దానికి రివర్స్ ఉండాలని ఆటో చేసినవాళ్ళకు మొదట్నుంచీ తెలుసు. స్పైడర్ చేసినవాళ్ళకూ తెలుసు. స్కూటరుకు రెండు చక్రాలు తగిలించి మూడు ట్రాకుల బండి చేసిన మేము మాత్రం ముందుకు పోయే గేర్ల గురించే నెలలకొద్దీ వాదించుకుంటున్నాము.

ఇంటికొచ్చి ఫిబ్రవరి 3 నాటి షెడ్యూలు తీసి కింద ఒక గీత రాసినాను. వెనక్కి పోవడం: పాత స్కూటర్లో, ఇతరులు. క్లచ్ లేని బండిలో, ఇతరులు. గేర్లు లేని బండిలో, ఇతరులు.

మార్చి 13, గురువారం – కడప

సైడు చక్రాల ఫిట్టరు దగ్గరికి పోయినాను. ముప్పై దాటని కుర్రాడు. రివర్స్ అడిగితే ఆశ్చర్యపోలేదు. సైడు చక్రానికి చిన్న బ్యాటరీ మోటారు పెట్టి, హ్యాండిల్ దగ్గర బటన్ ఇస్తాడంట. నొక్కినంతసేపు బండి నడక వేగంతో వెనక్కి పోతుంది. సెల్ఫ్ స్టార్టు, పెద్ద బ్యాటరీ ఉన్న స్కూటరుకైతే సులువు. "మీ పాతదానికి పెట్టినా నిలవదు సార్, దానికి కరెంటు యాడ ఉండాది?" అన్నాడు. మోటార్ సైకిల్ చట్రానికి తాను చేయనన్నాడు.

బ్యాటరీ స్కూటరు సంగతి కూడా అడిగినాను. వాటిలో చానా మోడళ్ళకు రివర్స్ కంపెనీ నుంచే వస్తుంది, మోటారును తిరగదిప్పితే చాలు కాబట్టి. గేర్ల గొడవే లేదు. నాకు నచ్చిన మోడల్‌కు చట్రంలో సైడు చక్రాల క్లాంపులు పట్టే చోటు ఈ కుర్రాడికి దొరకలేదు. మాది మేడ మీద అద్దె ఇల్లు, చార్జింగు వైరు కిందికి దించాలంటే ఓనరు మొహం చూడాలి. ఇంకో అయిదేళ్ళకు అదే కొంటానేమో.

చట్టం వైపు కూడా చూసుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం మొదట వికలాంగుల బండి అంటే మొదట్నుంచీ వాళ్ళ కోసమే తయారైనదే అని రాసింది, ఊరికే మార్పులు చేసినది కాదని కూడా స్పష్టంగా చెప్పింది. మా బండ్లన్నీ మార్పులు చేసినవే. 2019 సవరణలో మార్పులు చేసిన బండి కూడా ఆ నిర్వచనంలోకి వచ్చింది. బిగించక ముందే 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి, బిగించినాక ఆర్సీలో నమోదు. 2021 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ ఈ కిట్ల మీద పన్నును 5 శాతానికి తగ్గించింది, కాబట్టి బిల్లు అడిగి తీసుకోవాలి. ఫిట్టరు బిల్లుకు కొంచెం నసిగినాడు. దస్తావేజులు రాసేవాణ్ణి, కాగితం లేకుండా కదిలేదెట్లా?

మార్చి 27, గురువారం

పేపర్లో ఒక మూల చూసినాను: మన దేశానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది 2014లో ఇదే తేదీన. ఆఖరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్ హౌరాలో. నేను పుట్టిన 1977లో పల్లెకు చుక్కలు వేసేవాళ్ళే రాలేదు. పల్స్ పోలియో మొదలైంది 1995లో.

ఫిట్టరు చెప్పిన మాటకు ఇప్పుడు అర్థం దొరికింది: "ముందు మీ మాదిరి కేసులే వస్తాండె సార్. ఇప్పుడు యాక్సిడెంట్లు, షుగరుతో కాలు తీసినోళ్ళు, పక్షవాతం." పోలియోకు కాలు పోయినా చేతులకు బలం ఉంటుంది. చిన్నప్పటినుంచి చేతుల మీదే బతికినవాళ్ళం కాబట్టి మామూలు మనిషికంటే ఎక్కువే ఉంటుంది. చేతి గేర్ల స్కూటరు మాకు సరిపోయింది అందుకే. పక్షవాతం వచ్చినాయనకు ఒక పక్క చేయీ కాలూ రెండూ పోతాయి. ఆయనకు క్లచ్ లివరు ఇచ్చి ఏం చేసుకోమంటాము? కర్నూలు భాయ్ మాట మా తరం చేతులు చూసి చెప్పింది.

మార్చి 30, ఆదివారం – ఉగాది

తేల్చేసినాను. గేర్లు లేని కొత్త స్కూటరు, రివర్స్ మోటారుతో. ఆర్టీవో అనుమతి వచ్చింది, కిట్టు బిగింపు వచ్చే వారం. కొత్త బండి రాకపోయినా పాతదాని మీదే దేవుని కడపకు పోయినాము. ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి స్వామికి కొబ్బరికాయ కొట్టే గుడి. జనం నిండుగా ఉన్నారు. బయటికి తీసేటప్పుడు బండిని వెనక్కి లాగింది టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన.

నిర్ణయం వెనక లెక్క రాసి పెట్టుకుంటున్నాను, రేపు నాకే అనుమానం రాకుండా. అవయవాల లెక్కలో ప్రొద్దుటూరు బండే గెలిచింది. ఘాటు లెక్కలో కూడా అదే. నేను ఘాటు ఎక్కేది శుభకార్యాలకే, ఆ దోవలో బస్సులున్నాయి. ఇరుకులోంచి బండి తీసుకునేది మాత్రం రోజూ, రోజులో ఎన్ని చోట్ల ఆగితే అన్నిసార్లు. ఏడాదికొకసారి వచ్చే కష్టానికి తగిన బండి కొని, రోజూ వచ్చే కష్టాన్ని ఊళ్ళోవాళ్ళకు వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది.

పోయేది కూడా ఉంది. రెండు నుంచి మూడుకు మణికట్టు తిప్పినప్పుడు ఇంజను గొంతు మారే క్షణం నాకు ముప్పై ఏండ్లుగా ఇష్టం. కాళ్ళున్నవాళ్ళకంటే నేను గేరు బాగా వేస్తానని ఒక గర్వం ఉండేది. ఇంక అది ఉండదు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఫిట్టరు నా నంబరు ఇచ్చినాడంట, మైదుకూరు దగ్గరి పల్లె నుంచి ఒక పిల్లోడు ఫోన్ చేసినాడు. ఇరవై నాలుగేండ్లు. లారీ ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద పోయింది, కృత్రిమ కాలు పెట్టుకున్నాడు. "సార్, మీరు ఏ బండి తీసుకున్నారో నాకూ అదే చెప్పండి" అన్నాడు.

ఇల్లు ఎక్కడని అడిగితే పొలంలో. ఇంటి ముందర ఎంత జాగా ఉందంటే ట్రాక్టరు తిరిగేంత. పని పొలం నుంచి మైదుకూరు మార్కెట్టుకు పసుపు, కూరగాయలు తోలడం. దోవలో మిట్టలు. కుడికాలు బాగుంది, చేతులు బాగున్నాయి.

అంత జాగా ఉన్నవాడికి రివర్స్ మోటారు ఎందుకు? మిట్టల మీద బరువు తోలేవాడికి బెల్టు బండి ఎట్లా చెప్తాను? ఎడమకాలు లేదు కాబట్టి నాకు సరిపోయిన ప్రొద్దుటూరు బండి వాడికి సరిపోదు. చేతి గేర్లుండాలి, కుడికాలికి బ్రేకు ఉండాలి, బరువు మోయాలి. అది ఆటో పద్ధతి. లైసెన్సు సంగతి డాక్టరు, ఆర్టీవో తేల్చాలి. నేను తీసుకున్న బండి పేరు వాడికి చెప్పలేదు. ఫోన్ పెట్టేలోపల ఒక కాగితం తీసి రాసుకోమన్నాను: కుడిచేతికి ఏం పని, ఎడమచేతికి ఏం పని, కుడికాలికి ఏం పని, రోజూ ఎక్కడ ఆగుతావు, అక్కడినుంచి ఎట్లా బయటపడతావు. అది నింపి, మార్కెట్లో బండి నిలబెట్టే చోటు ఫొటో తీసి, ఆదివారం పంపమన్నాను.